కోత పండుగలో ఇనుప ముక్క

పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన పిల్లని "ఏం చదువుతావమ్మా" అని ఎవరూ అడగరు. "ఎంపీసీనా, బైపీసీనా" అని అడుగుతారు, కాఫీయా టీయా అన్నట్టు. మంచినీళ్లు కావాలని చెప్పే వీలుండదు. ఆ వేసవిలో సీతాఫల్‌మండిలోని మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఇదే ప్రశ్న వేసి, నేను నోరు తెరిచేలోపు జవాబు కూడా వాళ్లే చెప్పుకుని, అమ్మ పెట్టిన లడ్డూ తిని వెళ్లేవారు. ఒకరోజు నాకు ఓపిక నశించి "ఐటీఐ" అన్నాను. "ఫిట్టర్" అని కూడా అన్నాను. మా చర్చికి వచ్చే ఒకావిడ లడ్డూ కొరకడం మధ్యలో ఆపేసింది.

ఫిట్టర్ అంటే ఇనుప ముక్కల్ని కోసి, అరగదీసి, ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడేలా చేసి యంత్రాలు బిగించే మనిషి. ఆ రోజుల్లో మనిషి అంటే మగమనిషే. ఆడపిల్ల ఐటీఐలో చేరితే కుట్టుపనికో, షార్ట్‌హ్యాండుకో చేరాలి. నాకు సూదిలో దారం ఎక్కించడానికే విసుగు. కానీ కిరోసిన్ పంపు స్టవ్వు మొరాయించిందంటే మాత్రం నాకు పండగే. గాలి ఎక్కకపోతే పంపు విప్పి, ఎండిపోయిన తోలు వాషరుకి కొబ్బరినూనె పట్టించి, దాని అంచుల్ని వేలితో విచ్చదీసి మళ్లీ లోపలికి దించేదాన్ని. మంట ఒకపక్కకే వస్తుంటే బర్నరు ఊడదీసేదాన్ని. మా వీధిలో ఆడవాళ్లు కొంగు చాటున స్టవ్వు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు.

అప్పుడు మా నాన్న ఎంత మురిసిపోయేవాడో! "మా అమ్మాయి చెయ్యి తగిలిందంటే స్టవ్వు భుగ్గుమనాల్సిందే" అని వచ్చినవాళ్లకి తనే చెప్పేవాడు. అదే చేతిపని చదువుకుంటానంటే మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. ఇంట్లో చేస్తే చలాకీతనం, బయట చేస్తే కూలిపని. ఆయన లెక్క అది.

నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా. కోస్తా నుంచి ఉద్యోగం కోసం సికింద్రాబాద్ వచ్చి, ఇక్కడే పుట్టి పెరిగి ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పే అమ్మని పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయి ఎన్నేళ్లయినా ఎవరి మాట వారిదే. మా ఇంట్లో పోట్లాట కూడా రెండు యాసల్లో జరిగేది.

"ఫస్టు క్లాసు తెచ్చుకుని ఐటీఐ ఏంటమ్మా? ఇంకెక్కడా సీటు రానివాళ్లు చేరేది కదా అది" అన్నాడు నాన్న.

"నేను ఫస్టు క్లాసులో పాసైంది నాకు నచ్చింది చదువుకోడానికే" అన్నాను.

"చూశావా నీ కూతురు నోరు?"

"నోరు నాది కాదు, మీదే వచ్చింది" అంది అమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "గిప్పుడు గింత పరేషాన్ ఎందుకండీ? పిల్ల దొంగతనం చేస్తనంటుందా? పని నేర్చుకుంటనంటుంది."

"పని! మా నాన్న చేసింది కూడా పనే. ఎండలో, ఒకరి పొలంలో." ఆ మాట అన్నాక నాన్న లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

మా తాత జీవితమంతా ఒకరి చేలల్లో కూలి చేశాడు. చేతికి మట్టి అంటని ఉద్యోగం ఆ ఇంటికి నాన్నతోనే మొదలు. ఫ్యాను కింద కుర్చీ అంటే ఆయనకి మామూలు కుర్చీ కాదు. ఆ కుర్చీ నుంచి నేను లేచి వెళ్లి చేతులకి గ్రీజు పూసుకుంటానంటున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన బాధ నాకు తెలుస్తుంది. అప్పుడు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. నేను ఆయన కూతుర్నే కదా, మొండితనంలో ఒక పిసరు ఎక్కువే.

చివరికి అమ్మ మధ్యేమార్గం కనిపెట్టింది. ఒక్క ఏడాది ఐటీఐకి వెళ్లాలి. అప్పటికీ నాన్నకి ఇష్టం లేకపోతే మానేసి ఇంటర్‌లో చేరాలి. మా చర్చి సంఘంలోనే ఒకాయన కాలేజీలో గుమస్తా. వచ్చే జూన్‌కి సీటు సంగతి తాను చూసుకుంటానని నాన్నకి మాట ఇచ్చాడు. నేను సరేనన్నాను. ఏడాదిలో నాన్న మనసు మారుతుందని కాదు, ముందు గేటు లోపల కాలు పెడితే తర్వాత చూసుకోవచ్చని.

నాన్న ఇంకో షరతు కూడా పెట్టాడు, పైకి చెప్పకుండా. ఆదివారం చర్చి అయ్యాక ఎవరైనా "అమ్మాయి ఏం చదువుతోంది బ్రదర్" అని అడిగితే "టెక్నికల్" అనేవాడు. అంతే. ఆ ఒక్క మాట అని గొంతు సవరించుకుని వాతావరణం గురించి ఎత్తుకునేవాడు. విన్నవాళ్లు నేనేదో ఇంజనీరింగ్ వైపు వెళ్తున్నానని అనుకుని తలలూపేవారు. ఇంటర్‌లో వేస్తాననే బెదిరింపు కన్నా ఆ "టెక్నికల్" నాకు ఎక్కువ మండేది. ఇంట్లో ఎంతైనా తిట్టనీ, నలుగురిలో నన్ను దాచిపెట్టకూడదు. నాకు కావలసింది రెండే: కోర్సు పూర్తిచేయడం, నాన్న నోటితో నలుగురిలో ఫిట్టర్ అన్న మాట వినడం.

ఐటీఐలో మొదటి రోజు వర్క్‌షాపు తలుపు దగ్గర నిలబడితే మా ఇన్‌స్ట్రక్టరు నన్ను చూసి చెయ్యి అవతలికి చూపించాడు.

"టైలరింగ్ గా బిల్డింగ్ల ఉంది బిడ్డా."

"ఫిట్టర్ సార్."

ఆయన నా కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. "జడ పైకి ముడేసుకో. చున్నీ ఇంట్ల వెట్టి రా. మిషన్‌కు ఆడ మగ తెల్వదు, ఏది దొరికితే అది గుంజుతది" అన్నాడు. అంతకుమించి ఆయన నన్ను ఆడపిల్లగా చూసింది లేదు. తిట్లలో కూడా మగపిల్లలతో సమానంగానే వాటా ఇచ్చాడు. అందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

పెద్ద పెద్ద యంత్రాలు తిప్పుతానని వెళ్లినదానికి చేతికి ఒక ఆకురాయి, అంటే ఇనుము అరగదీసే ఫైలు, ఇచ్చారు. ఎదురుగా బల్లకి బిగించిన వైసు, కదలకుండా పట్టుకునే దాని పళ్ల మధ్య ఒక ఇనుప ముక్క. దాన్ని చదునుగా అరగదీయాలి. ఆ నెలంతా అదే పని. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు బరువు మొదట ఎడమ చేతి మీద ఉండాలి, పోనుపోను కుడి చేతికి మారాలి. అది కుదరకపోతే ముక్క మధ్యలో ఉబ్బి అంచులు జారిపోతాయి. చూడ్డానికి చదునుగానే ఉంటుంది, మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. అందుకే దాని మీద మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూడాలి. కింద నుంచి వెలుగు కనిపించిందా, పని తప్పినట్టే. "వెలుగొస్తుంది, మళ్ల రుద్దు" అని సారు ముక్క నా బల్ల మీద పడేసేవాడు. చర్చిలో వెలుగు కోసం ప్రార్థించేదాన్ని, ఇక్కడ వెలుగు కనపడకూడదని ప్రార్థించేదాన్ని.

అరచేతుల్లో బొబ్బలు లేచాయి, చితికాయి, కాయలు కాచాయి. గోళ్ల చుట్టూ నలుపు ఏ సబ్బుకీ వదల్లేదు. మా ఇంట్లో సాయంత్రం భోజనానికి ముందు అందరం చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటాం. నేను చేతులు జోడిస్తే నాన్న కళ్లు మూసుకునే ముందు ఒకసారి వాటి వంక చూసేవాడు. ప్రార్థన అయ్యాక పేపరు తెరిచి దాని వెనక్కి వెళ్లిపోయేవాడు. అమ్మ నా చేతులకి నూనె రాస్తుంటే నేను ఆ రోజు వర్క్‌షాపు కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని: మూలమట్టం ఎట్లా ఆనించాలో, వెలుగు ఎట్లా దొంగచాటుగా వస్తుందో, పక్క బల్ల అబ్బాయి ముక్క చూసి సారు "ఇది ఇనుమా, అప్పడమా" అన్నది. అమ్మ నవ్వేది. పేపరు కదిలేది కాదు.

వానలు తగ్గేసరికి మాకు మొదటి అసలైన పని ఇచ్చారు. రెండు ముక్కలు. ఒకటి సుత్తిలా అడ్డంగా తల ఉన్న ముక్క, రెండోది సరిగ్గా ఆ ఆకారానికే గాడి తీసిన ముక్క. మొదటిది రెండోదానిలోకి జారాలి. తోస్తే పోవాలి, వదిలితే ఊగకూడదు, మధ్యలో ఎక్కడా వెలుగు రాకూడదు. యంత్రం తాకకూడదు, చేత్తోనే చేయాలి. ఒకసారి ఎక్కువ అరగదీశానంటే పోయినట్టే. ఇనుము పిండి కాదు, మళ్లీ కలుపుకోడానికి.

నాది మొదటిసారి పాడైంది. రెండోసారీ పాడైంది. మూడో జత మీద నేను ఊపిరి బిగబట్టి పనిచేశాను. ఒక మధ్యాహ్నం మొదటి ముక్కని గాడిలో పెట్టి బొటనవేలితో నెడితే మెత్తగా, చప్పుడు లేకుండా, వెన్నలో కత్తి దిగినట్టు లోపలికి జారింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఈ పని చేశాను, నా కన్నా పెద్ద యంత్రాలు బిగించాను, నా కింద మగవాళ్లు పనిచేశారు. అయినా ఆ జారుడు నా బొటనవేలికి ఇంకా గుర్తుంది. సారు దాన్ని కిటికీకి ఎత్తి చూసి, తిప్పి చూసి, "మంచిగొచ్చింది" అని కిందపెట్టాడు. ఆయన నోట్లోంచి ఆ మాట రావడం మా వర్క్‌షాపులో అంత తేలిక కాదు.

ఆ జతని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. కోత పండుగ దగ్గరపడింది.

మా సంఘంలో పొలం ఉన్నవాళ్లు ఎవరూ లేరు. అందరూ ఆఫీసులవాళ్లు, టీచర్లు, నర్సులు. అయినా కోత పండుగ ఘనంగా జరిగేది. పంట పండించిన రైతు ప్రథమ ఫలాలు దేవునికి తెచ్చినట్టు మేమూ తేవాలి కాబట్టి, ముందురోజు మోండా మార్కెట్‌కి వెళ్లి పంట కొనుక్కొచ్చేవాళ్లం. గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు. ఆడవాళ్లు కేకులు, పచ్చళ్లు, పూలు కుట్టిన దిండుగలీబులు తెచ్చేవారు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద అన్నింటినీ వేలం వేసేవారు. ఆ డబ్బు చర్చి పనులకి. దానికొక కట్టుబాటు ఉంది: ఇచ్చినవాళ్లు ఎవరో, ఇచ్చింది ఏమిటో నలుగురికీ వినపడేలా చెప్పకుండా పాట మొదలుపెట్టకూడదు. దేవునికి ఇచ్చింది ఎంత చిన్నదైనా గుట్టుగా అమ్మకూడదని పెద్దల మాట.

ఆ వేలం పాడించేది ఏటా మా నాన్నే. గొంతు పెద్దది, హాస్యం కోస్తాది. సొరకాయని కూడా ఆయన పెళ్లికొడుకులా నిలబెట్టి అమ్మేవాడు.

ఆ ఆదివారం పొద్దున్నే నాన్న షామియానా కట్టించడానికి ముందే వెళ్లిపోయాడు. మా ఇంటి తరఫున ఎప్పట్లాగే గుమ్మడికాయ. నేను నా ఇనుప జతని రుమాల్లో చుట్టి చేతిలో పట్టుకుని అమ్మ ముందు నిలబడ్డాను. ఒద్దంటుందేమోనని మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. అమ్మ రుమాలు విప్పి చూసి, మళ్లీ చుట్టింది.

"వెట్టు. గుమ్మడికాయ ఎవరి చేన్లదో ఏమో. మనింట్ల ఈ ఏడు నిజంగ పండింది ఇదొక్కటే."

బల్ల మీద గుమ్మడికాయ పక్కన రుమాలు పెట్టి వచ్చి ఆడవాళ్లలో కూర్చున్నాను. నాన్న ఆ రోజు మంచి ఊపులో ఉన్నాడు. కోడిపుంజుని చూపించి "ఇది మన పాటలవాళ్ల కన్నా శ్రుతిలో కూస్తుంది" అన్నాడు. అరటిగెల అయిపోయింది, మా గుమ్మడికాయ అయిపోయింది, కేకు అయిపోయింది. ఆయన చెయ్యి రుమాలు మీద పడింది.

"అబ్బో, బరువుగా ఉంది. ఎవరో బంగారమే తెచ్చినట్టున్నారు" అంటూ ముడి విప్పాడు.

నవ్వులు ఆగిపోయాయి, ఎందుకంటే నాన్న మాట ఆగిపోయింది. అరచేతిలో ఇనుప ముక్క పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ముందు వరసలోంచి ఒక సంఘపెద్ద "ఏందన్నా గది, తాళమా?" అన్నాడు. ఇంకెవరో "తూకంరాయి కావచ్చు" అన్నారు. నా వెనక ఒకావిడ "పండుగపూట ఇనుమేందమ్మా" అని గొణిగింది. ఇక నా వల్ల కాలేదు, "నాది" అని అరవడానికి లేచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

"ఊకో. ఆయన్నే చెప్పనీ."

ఆయన చెప్పకుండా ఉండొచ్చు. "ఎవరో పొరపాటున పెట్టారు" అని పక్కన పెట్టేసి పచ్చడి సీసా ఎత్తుకోవచ్చు. ఎవరికీ తెలియదు, నాకూ అమ్మకీ తప్ప. అట్లా చేస్తే జూన్ దాకా ఆగక్కర్లేదు, నా సంగతి ఆ రోజే తేలిపోయినట్టు.

నాన్న ముక్కలు రెండూ విడదీశాడు. మళ్లీ కలిపాడు. బొటనవేలితో నెట్టాడు, అది జారింది. అప్పుడు దాన్ని ఎండకేసి ఎత్తి, ఒక కన్ను మూసి, ఇంకో కంటితో సందులోంచి చూశాడు. ఆయన ఏనాడూ మా వర్క్‌షాపు గడప తొక్కలేదు. పేపరు వెనక ఉన్న మనిషికి చెవులుంటాయని నాకెప్పుడూ తట్టలేదు.

"వెలుగు రావట్లేదు" అన్నాడు. ముందు తనలో తనే అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "ఇచ్చింది మా అమ్మాయి. ఐటీఐలో చదువుతోంది. ఫిట్టర్. ఇది మిషను మీద చేసింది కాదు, చేత్తో అరగదీసింది. ఎవరికైనా అనుమానం ఉంటే వచ్చి చూసుకోండి, ఎక్కడైనా వెలుగు కనిపిస్తుందేమో."

"టెక్నికల్ అంటివి గదన్నా?" అన్నాడు సంఘపెద్ద.

"అదే ఇది. ఫిట్టర్."

"మరి గిది దేనికి పనికొస్తది?"

"దేనికీ పనికిరాదు" అన్నాడు నాన్న. అందరూ ఫక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు. "పని వచ్చిన చేతికి ఇది మొదటి కాపు. మొదటి కాపుకి రుచి అడగకూడదు. పాడండి."

పాట మొదలైంది. మావాళ్లు మంచివాళ్లు, ఆ తమాషాకి మురిసిపోయి గుమ్మడికాయ కన్నా ఎక్కువే పాడారు. ఆ సంఘపెద్ద పాట మీద అందరూ ఆగారు. నాన్న "ఒకటోసారి" అన్నాడు. "రెండోసారి" అన్నాడు. ముక్కని బొటనవేలితో లోపలికీ బయటికీ జరుపుతూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ మూడోసారి ఆయన నోట రాలేదు. జనం "అను బ్రదర్, అను" అని అరుస్తున్నారు.

"నేను పాడుకోవచ్చా?" అని పాస్టరుగారిని అడిగాడు నాన్న.

"పాడించేవాడు పాడకూడదు గదయ్యా" అన్నారు ఆయన నవ్వుతూ.

"అయితే నేను పాడించను." నాన్న వేలం బాధ్యత పాస్టరుగారికే అప్పగించి, బల్ల ముందు నుంచి వచ్చి జనంలో నిలబడి చెయ్యి ఎత్తాడు. సంఘపెద్ద ఊరుకుంటాడా, సరదాకి పెంచాడు. నాన్న ఇంకా పెంచాడు. ఆయన మళ్లీ పెంచాడు. నాన్న చొక్కా జేబు తడుముకుని ఆడవాళ్ల వైపు తిరిగి అమ్మ కేసి చూశాడు. అమ్మ తన చేతిసంచీ ఎత్తి చూపించింది. షామియానా అంతా గొల్లున నవ్వింది. సంఘపెద్ద రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. పాస్టరుగారు మూడోసారి అన్నారు. నాన్న ఇనుప ముక్కని రుమాల్లో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ బరువుకి జేబు కిందికి వేలాడింది. ఆయన దాన్ని సర్దుకోలేదు.

ఆ తర్వాత ఆవరణలోనే భోజనాలు. చాపల మీద వరసగా కూర్చున్నాం, బగారన్నం, మటన్ కూర. సీటు మాట ఇచ్చిన కాలేజీ గుమస్తా నాన్న పక్కకి వచ్చి, నాకు వినపడేంత దూరంలోనే అడిగాడు.

"అన్నా, జూన్‌ల ఇంటర్ సీటు మాట్లాడి వెట్టమంటవా మరి?"

నేను ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మానేశాను.

"సీటెందుకు బ్రదర్?" అన్నాడు నాన్న, అదేదో వింత ప్రశ్న అయినట్టు. "ఇది రెండేళ్ల కోర్సు. మధ్యలో ఎలా వదిలేస్తుంది?"

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆకలేసింది, చాలా ఆకలేసింది. తలవంచుకుని గబగబా తింటున్నాను. విస్తరి ఖాళీ అవుతుంటే కూర బకెట్ పట్టుకుని వడ్డిస్తున్న అబ్బాయి నన్ను దాటిపోబోయాడు. వెనకనుంచి నాన్న గొంతు, వేలంలో కన్నా పెద్దగా, ఆవరణంతా వినపడేలా వచ్చింది.

"ఒరేయ్, మా ఫిట్టరుకి ఇంకో రెండు ముక్కలు వెయ్యరా!"